చైమ్ వైజ్‌మన్: ల్యాబ్ నుంచి లండన్ దాకా, లండన్ నుంచి జెరూసలేం దాకా

(కెమిస్ట్రీ విద్యార్థులు, గ్రంథాలయ పాఠకులు కలిసి ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న బీఎస్సీ పిల్లలకు కూడా.

మీ ఇండస్ట్రియల్ కెమిస్ట్రీలో ఎసిటోన్, బ్యూటనాల్ తయారీ దగ్గర 'వైజ్‌మన్ ప్రాసెస్' అని ఒక మాట వస్తుంది. చరిత్ర చదివేవాళ్ళకి ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు చైమ్ వైజ్‌మన్ అని ఇంకో మాట వస్తుంది. ఈ రెండూ ఒకే మనిషి గురించి. ఈ రెంటినీ కలిపి ఒక కథ కూడా చాలాకాలంగా తిరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక యూదు శాస్త్రవేత్త బ్రిటన్‌కి తూటాల మందుకు కావలసిన రసాయనం చేసిపెట్టాడట. ఏం కావాలో కోరుకోమంటే 'నాకేమీ వద్దు, మా వాళ్ళకి పాలస్తీనా ఇవ్వండి' అన్నాడట. వాళ్ళు ఇచ్చేశారట.

ఈ కథను ఊళ్ళో ఎవరో పుట్టించలేదు. అప్పటి బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జే తన జ్ఞాపకాల్లో ఇంచుమించు ఇలాగే రాశారు. వైజ్‌మన్ మాత్రం తన ఆత్మకథలో దీన్ని కొట్టిపారేశారు. విషయం అంత తేలికైతే బాగానే ఉండేది, కానీ చరిత్ర అల్లావుద్దీన్ దీపంతో నడవదు అన్నారు. ఆయన మాటే నిజమని నా నమ్మకం. అసలు జరిగింది ఈ కథ కన్నా చాలా పెద్దది, చాలా బరువైనది. అందులో ఆయన గొప్పతనం ఉంది, ఆయన చూడకుండా వదిలేసిన మనుషుల కష్టమూ ఉంది. రెండూ చెప్పకపోతే ఈ జీవితం చెప్పినట్టు కాదు.

వైజ్‌మన్ 1874 నవంబర్ 27న మోటల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఇప్పుడది బెలారూస్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి ఓజర్ కలప వ్యాపారి. చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టించి, మంచు కరిగాక దుంగలను తెప్పలుగా కట్టి నదుల మీద డాంజిగ్ రేవు దాకా పంపించేవారు. తల్లి రాహేల్. పదిహేనుమంది సంతానంలో ఈయన మూడోవారు.

ఆ రోజుల్లో రష్యాలో యూదులు ఎక్కడ పడితే అక్కడ కాపురం పెట్టడానికి వీల్లేదు. పడమటి సరిహద్దు జిల్లాల చుట్టూ ప్రభుత్వం ఒక గీత గీసి, మీరు ఈ లోపలే ఉండాలి అంది. 1881లో జార్ చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌ని విప్లవకారులు బాంబు వేసి చంపారు. దాని తర్వాత దక్షిణ రష్యా ఊళ్ళలో గుంపులు యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద పడ్డాయి. వీటినే పోగ్రోమ్‌లు అంటారు. మరుసటి ఏడు వచ్చిన చట్టాలు యూదులు కొత్తగా పల్లెల్లో స్థిరపడకూడదన్నాయి. 1887లో చదువు మీద కూడా దెబ్బ పడింది. యూదుల కోసం గీసిన ఆ ప్రాంతంలోనే హైస్కూలు, యూనివర్సిటీ సీట్లలో వాళ్ళకి పది శాతానికి మించి ఇవ్వకూడదు. ఊళ్ళో సగం మందో, అంతకు మించో యూదులే ఉన్నచోట కూడా అదే పది శాతం. సీటు కోసం టెన్షన్ ఏమిటో ఇక్కడి పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. ఎన్ని మార్కులు వచ్చినా పుట్టుకను బట్టి ముందే తలుపు వేసేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పదకొండేళ్ళ వయసులో వైజ్‌మన్ పక్కనున్న పిన్‌స్క్ పట్నంలో హైస్కూలు చదువుకి బయల్దేరారు. అప్పుడు తన పాత గురువుకి హీబ్రూలో ఒక ఉత్తరం రాశారు. అది ఇప్పటికీ ఉంది. యూరప్ రాజులు మనమీద జాలి చూపిస్తారని ఎందుకు ఎదురుచూడాలి, మన పూర్వుల నేలకు మనం వెళ్ళాలి, అందరూ కాదన్నా ఇంగ్లండ్ మాత్రం మనల్ని కరుణిస్తుంది అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఇంగ్లండ్‌ని కళ్ళతో చూడని కుర్రవాడు రాసిన మాట ఇది. ఆ నమ్మకాన్ని ఆయన అరవై ఏళ్ళు పట్టుకుని ఉన్నారు. చివరికి అదే ఆయన చేతిలో విరిగింది.

1892లో జర్మనీ వెళ్ళారు. డార్మ్‌స్టాట్ దగ్గర ఒక యూదు బోర్డింగ్ స్కూల్లో పిల్లలకి హీబ్రూ, రష్యన్ చెబుతూ, రోజూ రైలెక్కి పాలిటెక్నిక్‌కి వెళ్ళి కెమిస్ట్రీ చదివారు. తిండి సరిగా లేక ఆరోగ్యం పాడైంది. తర్వాత బెర్లిన్, అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌లో ఫ్రీబోర్గ్. 1899లో డాక్టరేట్ వచ్చింది. రంగుల రసాయనాల మీద పనిచేసి ఒక పేటెంట్ అమ్మారు కూడా. కొన్నాళ్ళకి జెనీవా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే పని దొరికింది. రష్యా తలుపు వేసిన కుర్రాళ్ళు వందలకొద్దీ ఇలాగే జర్మనీ, స్విట్జర్లాండ్ యూనివర్సిటీలకు చేరారు. అద్దె గదుల్లో టీ తాగుతూ, తెల్లవార్లూ వాదించుకునేవారు. విప్లవం వస్తే మన బాధ దానంతటదే తీరుతుందని కొందరు. మనకంటూ ఒక నేల లేకపోతే ఏ విప్లవమూ మనల్ని కాపాడదని ఇంకొందరు. వైజ్‌మన్ రెండో పక్షం. ఆయన మాట్లాడటం నేర్చింది ఆ గదుల్లోనే.

ఇక్కడ థియోడర్ హెర్జల్ గురించి కొంచెం చెప్పాలి. వియన్నా పత్రికా రచయిత. 1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు కాంగ్రెస్ పెట్టారు, అంటే యూదులకు పాలస్తీనాలో సొంత నేల కావాలనే ఉద్యమం తొలి మహాసభ. పై స్థాయిలో తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. అప్పట్లో పాలస్తీనాను ఏలుతున్న టర్కీ సుల్తాన్ని, జర్మనీ చక్రవర్తి కైజర్‌ని కలిసి, పాలస్తీనాలో స్థిరపడటానికి ఒక అధికార పత్రం సంపాదిస్తే మిగతాది దాని వెనకే వస్తుందని నమ్మారు. వైజ్‌మన్ మొదటి కాంగ్రెస్‌కి వెళ్ళలేకపోయారు, రెండోదాని నుంచి వెళ్ళారు. హెర్జల్ మీద గౌరవం ఉన్నా ఆయన దారి ఈయనకి నచ్చలేదు. 1901లో కుర్రవాళ్ళతో కలిసి ఉద్యమం లోపలే డెమొక్రాటిక్ ఫ్రాక్షన్ అనే ప్రతిపక్షం కట్టారు. రాజుల గుమ్మాల దగ్గర నిలబడితే సరిపోదు, భాష కావాలి, బడులు కావాలి, ఒక యూనివర్సిటీ కావాలి అన్నారు. మరుసటి ఏడాదే యూదు యూనివర్సిటీ కోసం ఇద్దరు మిత్రులతో కలిసి ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. నేల లేదు, డబ్బు లేదు, ముందు యూనివర్సిటీ ప్లాను రాశారు. ఆ తెగువ నాకు చాలా ఇష్టం.

ఈ ఆలోచనలకు మూలం ఒడెస్సాలో ఉండే ఆహద్ హాఅమ్ అనే రచయిత. వైజ్‌మన్ ఆయన్ని గురువులా చూసేవారు. ఆ గురువు 1891లో పాలస్తీనా చూసి వచ్చి ఒక వ్యాసం రాశారు. ఆ నేల ఖాళీగా ఉందని మనం ఇక్కడ కూర్చుని అనుకుంటున్నాం, అక్కడ సాగు లేని పొలం దొరకటమే కష్టం, అరబ్బులు తెలివిలేనివాళ్ళు అనుకోవటం పెద్ద పొరపాటు, మనవాళ్ళు కొందరు వాళ్ళతో దురుసుగా ప్రవర్తిస్తున్నారు అని అందులో సూటిగా చెప్పారు. వైజ్‌మన్ మొదటిసారి పాలస్తీనాలో అడుగుపెట్టిన 1907కి పదహారేళ్ళ ముందే వచ్చిన మాట ఇది. భాష గురించీ, సంస్కృతి గురించీ గురువు చెప్పింది శిష్యుడు తలకెక్కించుకున్నారు. ఈ మాటను మాత్రం అంతగా పట్టించుకోలేదు. నేను ఈ జీవితాన్ని చదివినప్పుడల్లా ఇక్కడ ఆగిపోతాను.

1903 వసంతంలో కిషినేవ్ పట్నంలో ఘోరమైన పోగ్రోమ్ జరిగింది. నలభై తొమ్మిదిమంది యూదులు చనిపోయారు. అదే ఏడు బ్రిటిష్ ప్రభుత్వం తూర్పు ఆఫ్రికాలో కొంత భూమి ఇస్తామంది. దాన్ని ఉగాండా ప్రతిపాదన అంటారు, నిజానికి ఆ భూమి ఇప్పటి కెన్యాలో ఉంది. ప్రాణాలు దక్కితే చాలు, తాత్కాలికంగా అయినా పరిశీలిద్దాం అన్నారు హెర్జల్. కాంగ్రెస్‌లో ఓటింగ్ జరిగితే పరిశీలించాలని 295 ఓట్లు, వద్దని 178. వద్దన్నవాళ్ళలో ఎక్కువమంది రష్యా ప్రతినిధులే, కిషినేవ్ నుంచి వచ్చినవాళ్ళతో సహా. రేపు ఎవరి ఇంటి మీదికి గుంపు వస్తుందో వాళ్ళే ఆ భూమి వద్దన్నారు. వైజ్‌మన్ కూడా వ్యతిరేకంగానే ఓటు వేశారు. మరుసటి ఏడాది జూలైలో హెర్జల్ నలభై నాలుగేళ్ళకే కన్నుమూశారు. ఉద్యమం దిక్కు తోచకుండా అయిపోయింది.

అదే 1904లో వైజ్‌మన్ మాంచెస్టర్ వచ్చారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రొఫెసర్ విలియం పెర్కిన్ దయవల్ల యూనివర్సిటీలో నేల కింద ఒక ల్యాబ్ గది దొరికింది. కొన్ని నెలల్లోనే పాఠాలు చెప్పటం మొదలుపెట్టారు. 1906లో వీరా అనే వైద్య విద్యార్థినిని పెళ్ళి చేసుకున్నారు. జెనీవాలో పరిచయం. ఆవిడ తర్వాత మాంచెస్టర్‌లో డాక్టరుగా, ముఖ్యంగా తల్లులూ పిల్లల ఆరోగ్యం కోసం పనిచేశారు.

ఆ 1906 జనవరిలోనే ఎన్నికల ప్రచారం మధ్యలో ఆర్థర్ బాల్ఫర్‌ని ఒక హోటల్ గదిలో కలిశారు. బాల్ఫర్ అంతకు నెల ముందు దాకా ప్రధానమంత్రి. ఉగాండా ఎందుకు వద్దన్నారు అని ఆయన అడిగారు. దానికి వైజ్‌మన్ తాను చెప్పిన జవాబును ఆత్మకథలో రాసుకున్నారు. లండన్‌కి బదులు పారిస్ ఇస్తానంటే మీరు తీసుకుంటారా అని అడిగారట. లండన్ మాకు ఎటూ ఉందిగా అన్నారు బాల్ఫర్. నిజమే, కానీ లండన్ ఇంకా బురదనేలగా ఉన్నప్పుడే మాకు జెరూసలేం ఉంది అన్నారు వైజ్‌మన్. ఇందులో ఇంకో సంగతి మర్చిపోకూడదు. తూర్పు యూరప్ నుంచి పారిపోయి వస్తున్న యూదులు ఇంగ్లండ్‌లోకి రాకుండా 1905లో చట్టం తెచ్చింది ఈ బాల్ఫర్ ప్రభుత్వమే. పాలస్తీనాకి పంపటానికి ఇష్టపడ్డ మనిషి, తన ఊళ్ళోకి రానివ్వటానికి ఇష్టపడలేదు.

ఇప్పుడు కెమిస్ట్రీకి వద్దాం. 1910 ప్రాంతంలో రబ్బరు ధర ఆకాశాన్ని అంటింది. కృత్రిమ రబ్బరు తయారుచేయాలని చాలామంది పరుగు మొదలుపెట్టారు. దానికి ఒక దారి బ్యూటనాల్ నుంచి వెళుతుంది. పిండిపదార్థాన్ని పులియబెట్టి బ్యూటనాల్ తీసే సూక్ష్మజీవి దొరుకుతుందా అని వైజ్‌మన్ వెతకటం మొదలుపెట్టారు. మొక్కజొన్నల మీద, మట్టిలో ఉండే బ్యాక్టీరియాలను ఒక్కొక్కటే వేరుచేసి పరీక్షించారు. చివరికి ఒకటి దొరికింది. ఇప్పుడు మీరు దాన్ని క్లాస్ట్రీడియం ఎసిటోబ్యూటిలికమ్ అని చదువుతున్నారు. గాలి తగలని చోట పిండిపదార్థాన్ని తిని ఇది మూడు ద్రవాలు ఇస్తుంది. సుమారుగా ఆరు పాళ్ళు బ్యూటనాల్, మూడు పాళ్ళు ఎసిటోన్, ఒక పాలు ఇథనాల్. ఆయనకి కావలసింది బ్యూటనాల్. ఎసిటోన్ ఊరికే వెంట వచ్చింది.

1914లో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ తుపాకులకు, ఫిరంగులకు వాడే మందు పేరు కార్డైట్. నైట్రోగ్లిజరిన్‌నీ గన్‌కాటన్‌నీ కలిపి ముద్ద చేయాలంటే ద్రావణిగా ఎసిటోన్ కావాలి. అప్పటిదాకా ఎసిటోన్‌ని కట్టెలను గాలి లేకుండా కాల్చి తీసేవారు, దానికి అడవులకు అడవులు కావాలి. బ్రిటన్ దగ్గర అంత అడవి లేదు, ఎక్కువగా అమెరికా నుంచి కొనుక్కునేది. 1915లో గుండ్ల కొరత పెద్ద గొడవై ప్రభుత్వాన్నే కదిపేసింది. అప్పుడు నౌకాదళం వైజ్‌మన్‌ని పిలిపించింది. నౌకాదళ మంత్రి చర్చిల్ తనను ముప్పై వేల టన్నుల ఎసిటోన్ చేయగలరా అని అడిగారని ఆయన రాశారు. ల్యాబ్‌లో కొన్ని వందల మిల్లీలీటర్లు చేసే మనిషిని అడిగిన ప్రశ్న అది.

మనం పరీక్షల్లో రియాక్షన్ రాసి మార్కులు తెచ్చుకుంటాం, స్కేల్-అప్ అంటే ఏమిటో ఫ్యాక్టరీలో అడుగుపెట్టాక గానీ తెలియదు. టన్నులకొద్దీ మొక్కజొన్న గుజ్జులో ఒకే ఒక్క జాతి బ్యాక్టీరియాని పెంచాలి. ఇంకో క్రిమి ఒక్కటి దూరినా ఆ బ్యాచ్ మొత్తం పారబోయాలి. సారా బట్టీల్లో ఈస్ట్ అంత సున్నితం కాదు, ఇది అలా కాదు. మొత్తం పాత్రలు, గొట్టాలు, వాల్వులు ఆవిరితో శుభ్రం చేసి, గాలి చొరకుండా నడపాలి. లండన్‌లో ఒక జిన్ సారా ఫ్యాక్టరీలో మొదట చేసి చూశారు, తర్వాత డార్సెట్‌లో నౌకాదళం కార్డైట్ ఫ్యాక్టరీలో పెద్ద ప్లాంటు కట్టారు. సూక్ష్మజీవులతో ఇంత పెద్ద ఎత్తున, ఇంత శుభ్రతతో రసాయనం తయారుచేయటంలో ఇది తొలి మెట్లలో ఒకటి. తర్వాత యాంటీబయాటిక్స్ ఫ్యాక్టరీలు నడిచింది ఈ దారిలోనే. 1917లో జర్మన్ జలాంతర్గాములు ఓడలు ముంచేస్తుంటే మొక్కజొన్న కూడా కరువైంది. అప్పుడు బడిపిల్లల చేత తినటానికి పనికిరాని హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించారు. ఎందుకో వాళ్ళకి చెప్పలేదు. తయారీ కెనడాకి, అమెరికాకి కూడా తరలింది. యుద్ధం అయ్యాక కార్ల మీద వేసే త్వరగా ఆరే పెయింట్ల కోసం బ్యూటనాల్‌కి గిరాకీ పెరిగి, అప్పటిదాకా పారబోసిందే అసలు సరుకైంది. పెట్రోలియం దారి చవక అయ్యేదాకా ఈ పద్ధతి దశాబ్దాలు నడిచింది.

మరి ఎసిటోన్‌కీ పాలస్తీనాకీ లింకు ఏమిటి? ఉంది, కానీ కథలో చెప్పినట్టు కాదు. ఎసిటోన్ వల్ల ఆయన మాంచెస్టర్ వదిలి లండన్‌కి మారారు. మంత్రులను, అధికారులను పనిమీద కలిసే మనిషి అయ్యారు. అంతకు ముందే, 1914లోనే, మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సి.పి. స్కాట్ పరిచయమై, ఆయన్ని లాయిడ్ జార్జ్ దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి మూడేళ్ళ పాటు వైజ్‌మన్ చేసింది ఒకటే పని, ఒక్కొక్క మనిషినీ విడివిడిగా కలిసి ఒప్పించటం. బైబిల్ చదువుతూ పెరిగిన వాళ్ళతో బైబిల్ భాషలో మాట్లాడారు. సూయజ్ కాలువ గురించి బెంగపడేవాళ్ళతో సూయజ్ గురించి మాట్లాడారు. అమెరికాలో, రష్యాలో యూదుల మద్దతు మనకి కావాలని లెక్కలేసుకునే వాళ్ళతో ఆ లెక్కే మాట్లాడారు. ఆయన చేతిలో సైన్యం లేదు, ఖజానా లేదు. పైగా ప్రపంచ జియోనిస్టు సంస్థలో పెద్ద పదవి కూడా అప్పటికి లేదు.

ఎక్కువగా అడ్డుకున్నది ఎవరో తెలుసా? బ్రిటిష్ మంత్రివర్గంలో ఉన్న ఏకైక యూదు, ఎడ్విన్ మాంటేగు. అవును, మన చరిత్ర పుస్తకాల్లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు అని చదివామే, ఆ మాంటేగే, భారత వ్యవహారాల మంత్రి. నేను యూదు మతం ఉన్న ఆంగ్లేయుణ్ణి, యూదులకు వేరే దేశం ఉందని మీరు ప్రకటిస్తే రేపు ప్రతి దేశమూ తన యూదు పౌరుణ్ణి పరాయివాడు అంటుంది అని ఆయన వాదన. 1917 ఆగస్టులో మంత్రివర్గానికి ఘాటైన లేఖ రాశారు. ఆయన వల్లే ప్రకటనలో మాటలు పలచబడ్డాయి. కానీ అక్టోబర్‌లో ఆయన భారతదేశానికి ఓడ ఎక్కాల్సి వచ్చింది. ఆ పర్యటనలోనే మద్రాసులో ఆంధ్ర ప్రతినిధులు ఆయన్ని కలిసి తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలని అడిగారు. ఆయన ఓడ ఎక్కిన కొద్ది రోజులకే లండన్‌లో నిర్ణయం అయిపోయింది.

1917 నవంబర్ 2న విదేశాంగ మంత్రిగా ఉన్న బాల్ఫర్, బ్రిటన్ యూదుల్లో పెద్దమనిషి లార్డ్ రోత్‌షీల్డ్‌కి ఉత్తరం రాశారు. ఇంగ్లీషులో అసలు ప్రకటన అరవై ఏడు మాటలు. పాలస్తీనాలో యూదు ప్రజలకు ఒక జాతీయ నివాసం ఏర్పడటాన్ని ప్రభుత్వం సానుకూలంగా చూస్తుంది అన్నది మొదటి భాగం. మంత్రివర్గ సమావేశం గది బయట వైజ్‌మన్ ఎదురుచూస్తుంటే, బ్రిటిష్ అధికారి మార్క్ సైక్స్ బయటికి వచ్చి, డాక్టర్ వైజ్‌మన్, మగపిల్లవాడు అన్నారట. ఆ పిల్లవాడు మొదట తనకి నచ్చలేదని, తాను ఎదురుచూసింది వాణ్ణి కాదని వైజ్‌మన్ రాసుకున్నారు. ఆయన కోరింది పాలస్తీనా మొత్తం. వచ్చింది పాలస్తీనాలో ఒక నివాసం.

ఆ ఉత్తరంలో రెండో భాగం ఉంది. అక్కడ ఉన్న 'యూదులు కాని వర్గాల' పౌర, మత హక్కులకు భంగం కలగకూడదు అని. అప్పుడు పాలస్తీనాలో పదిమందిలో తొమ్మిదిమంది అరబ్బులు. వాళ్ళ పేరు ఉత్తరంలో లేదు. వాళ్ళు ఏమిటో కాకుండా, వాళ్ళు ఏమి కాదో చెప్పి వదిలేశారు. పౌర హక్కులు, మత హక్కులు అన్నారు, రాజకీయ హక్కులు అనలేదు. మూడేళ్ళ పాటు లండన్‌లో అన్ని గదుల్లో చర్చలు జరిగాయి, ఆ తొమ్మిదిమంది తరఫున ఒక్కరినీ ఏ గదిలోకీ పిలవలేదు. ఇది వైజ్‌మన్ ఒక్కరి తప్పు కాదు, సామ్రాజ్యం పనిచేసే తీరే అది. కానీ ఆయన ఆ తీరును కాదనలేదు, దాని మీదే తన కార్యం కట్టుకున్నారు.

తర్వాతి సంవత్సరం సెప్టెంబర్ 23న హైఫా పట్నాన్ని టర్కీ, జర్మన్ దళాల చేతుల్లోంచి గుంజుకున్నది భారతీయ సంస్థానాల అశ్వికదళం. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు ముందుండి పోరాడారు, హైదరాబాద్ నిజాం లాన్సర్లు కూడా అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. ఎవరి నేల కోసం ఎవరు ఎక్కడ ప్రాణాలు పెట్టారో చూడండి.

1918లో వైజ్‌మన్ ఒక కమిషన్‌తో పాలస్తీనా వెళ్ళి, టర్కీ మీద తిరగబడ్డ అరబ్బుల నాయకుడు ఎమీర్ ఫైజల్‌ని ఎడారిలో కలిశారు. మరుసటి జనవరిలో లండన్‌లో ఇద్దరూ ఒప్పందం మీద సంతకం చేశారు. అరబ్బులకు వాగ్దానం చేసిన స్వాతంత్ర్యం రాకపోతే ఇందులో ఒక్క మాటకీ నేను బాధ్యుణ్ణి కాను అని ఫైజల్ కింద తన చేత్తో రాశారు. స్వాతంత్ర్యం రాలేదు. 1920లో ఫ్రెంచివాళ్ళు ఫైజల్‌ని డమాస్కస్ నుంచి వెళ్ళగొట్టారు. ఒప్పందం కాగితంగానే మిగిలింది. ఇక్కడ కూడా వైజ్‌మన్ మాట్లాడింది మక్కా రాజకుటుంబంతో, పాలస్తీనా రైతులతో కాదు.

1919లో పారిస్ శాంతి సభలో, జాతీయ నివాసం అంటే అర్థమేమిటని అడిగితే, ఇంగ్లండ్ ఎలా ఆంగ్లేయులదో పాలస్తీనా అలా యూదులది అయ్యేదాకా అన్నట్టు జవాబిచ్చారు వైజ్‌మన్. 1938లో గాంధీగారు హరిజన్ పత్రికలో, ఇంగ్లండ్ ఎలా ఆంగ్లేయులదో పాలస్తీనా అలా అరబ్బులది అని రాశారు. ఇద్దరూ పోలిక ఒకటే తెచ్చారు. ఒకే నేల గురించి.

1920లో వైజ్‌మన్ ప్రపంచ జియోనిస్టు సంస్థ అధ్యక్షులయ్యారు. 1921లో ఐన్‌స్టైన్‌తో కలిసి నిధుల కోసం అమెరికా వెళ్ళారు. 1925 ఏప్రిల్ 1న జెరూసలేంలో స్కోపస్ కొండ మీద హీబ్రూ యూనివర్సిటీ ప్రారంభమైంది. ఇరవై ఏడేళ్ళ వయసులో కాగితం మీద రాసుకున్న ప్లాను యాభై ఏళ్ళ వయసులో కళ్ళముందుకి వచ్చింది. వేదిక మీద బాల్ఫర్ ఉన్నారు. అదే రోజు అరబ్బులు నల్లజెండాలు కట్టి దుకాణాలు మూసేశారు.

ఆ తర్వాతి పదిహేనేళ్ళు త్వరగా చెప్తాను. 1929లో పాలస్తీనాలో పెద్ద అల్లర్లు జరిగి రెండు వైపులా మనుషులు చనిపోయారు. అప్పటికి పాలస్తీనాను పాలిస్తున్న బ్రిటన్ ఇచ్చిన మాట మీద వెనక్కి తగ్గటం మొదలుపెట్టింది. బ్రిటన్‌ని అంతగా నమ్మినందుకు 1931లో సొంత కాంగ్రెసే ఆయన్ని దింపేసింది. మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళారు. 1934లో రెహోవోత్‌లో ఒక పరిశోధన సంస్థ తెరిచి, హిట్లర్ తరిమేసిన శాస్త్రవేత్తలకు చోటిచ్చారు. 1935లో ఉద్యమం మళ్ళీ ఆయన్నే పిలిచింది. మరుసటి ఏడాది, పాలస్తీనా గొడవల మీద బ్రిటన్ వేసిన పీల్ కమిషన్ ముందు ఆయన చెప్పిన మాట చదివితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. యూరప్‌లో అరవై లక్షలమందికి ఈ ప్రపంచం రెండుగా చీలిపోయింది, వాళ్ళు బతకలేని చోట్లు కొన్ని, అడుగుపెట్టలేని చోట్లు మిగిలినవి అన్నారు. 1936లో అన్న మాట అది. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 1939లో బ్రిటన్ కొత్త విధాన పత్రం తెచ్చి, అయిదేళ్ళలో డెబ్భై అయిదు వేలమందికి మించి యూదులు రాకూడదంది. పదకొండేళ్ళ కుర్రవాడి ఉత్తరంలో ఉన్న ఇంగ్లండ్, అందరికన్నా అవసరమైన వేళ తలుపు దగ్గరగా వేసింది. అయినా ఆయన చిన్నకొడుకు మైకేల్ బ్రిటిష్ వాయుసేనలో చేరాడు. 1942 ఫిబ్రవరిలో బిస్కే అఖాతం మీద అతని విమానం కనిపించకుండా పోయింది. ఇరవై అయిదేళ్ళు.

1946 డిసెంబర్‌లో బాసెల్ కాంగ్రెస్‌లో, కళ్ళు సరిగా కనపడని ఆ ముసలాయన లేచి, బాంబులతో హత్యలతో దేశం తేవాలనుకునే మనవాళ్ళని గట్టిగా ఖండించారు. చప్పట్లు కొట్టారు, పదవి మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. ఏ పదవీ లేకుండానే 1948 మార్చిలో పక్క తలుపులోంచి వైట్‌హౌస్‌కి వెళ్ళి ట్రూమన్‌ని ఒప్పించారు. ట్రూమన్ అప్పటికి జియోనిస్టులెవరినీ కలవనని భీష్మించుకున్నారు. ఒకప్పుడు ఆయనతో కలిసి బట్టల షాపు నడిపిన మిత్రుడు ఎడ్డీ జేకబ్సన్ బతిమాలితే ఒప్పుకున్నారు. మే 14న ఇజ్రాయెల్ ప్రకటన అమల్లోకి వచ్చిన పదకొండు నిమిషాలకి అమెరికా గుర్తించింది. అంతకు ముందు నవంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు మన దేశం వ్యతిరేకంగా ఓటేసిందని కూడా గుర్తుంచుకోవాలి. సమాఖ్యగా ఒకే దేశం ఉండాలన్నది అప్పటి మన ప్రతిపాదన.

ఇజ్రాయెల్ ఏర్పడిన వేళ అరబ్బులతో జరిగిన యుద్ధంలో దాదాపు ఏడు లక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఇళ్ళు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగి రానివ్వలేదు. ఇజ్రాయెల్ పనిని ఇది అద్భుతంగా తేలిక చేసిందన్నట్టు వైజ్‌మన్ తనతో అన్నారని మొదటి అమెరికా రాయబారి జేమ్స్ మెక్‌డొనాల్డ్ రాశారు. బతకటానికి చోటు లేనివాళ్ళ గురించి పీల్ కమిషన్ ముందు అంత గొప్పగా మాట్లాడిన నోటి నుంచి వచ్చిన మాట. దీన్ని దాచిపెట్టి ఆయన్ని పొగడటం నాకు చేతకాదు. అలాగే ఈ ఒక్క మాట పట్టుకుని, ఆ పోగ్రోమ్‌లనీ ఆ పది శాతం సీట్లనీ హిట్లర్ గ్యాస్ గదులనీ లేనట్టు మాట్లాడటం కూడా నాకు చేతకాదు.

స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం లేదు. అప్పుడు న్యూయార్క్‌లో ఉన్నారు. తర్వాత అయినా సంతకానికి చోటు ఇవ్వలేదు, అది ఆయన్ని బాగా బాధపెట్టింది. 1949లో పార్లమెంటు మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అధికారమంతా ప్రధాని బెన్ గురియన్ చేతుల్లో ఉంది. 1952 నవంబర్ 9న రెహోవోత్‌లో కన్నుమూశారు. ఆ పదవి తర్వాత ఐన్‌స్టైన్‌కి ఇస్తామన్నారు, ఆయన వద్దన్నారు.

రెహోవోత్‌లో ఆయన పెట్టిన సంస్థ 1949లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ అయింది. 2009లో రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన పనికి కెమిస్ట్రీ నోబెల్ ముగ్గురికి వచ్చింది. మన దేశంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే అడా యోనత్. ఫెర్మెంటేషన్ మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు వైజ్‌మన్ పాత పేటెంట్ ఒకసారి చదవండి. బయోబ్యూటనాల్ పేరుతో ఇప్పుడు మళ్ళీ అదే బ్యాక్టీరియా మీద పని జరుగుతోంది. చరిత్ర వాళ్ళు ఆహద్ హాఅమ్ 1891 వ్యాసం చదవండి, మాంటేగు లేఖ చదవండి. ఇక ప్రశ్నలు అడగండి. ఆ మూలన అబ్బాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తాడు, మైకు అతనికి ఇవ్వండి.